నంబరు వెనక పేరు

కిందటి వారం గురునాథాన్ని సేఠ్ గది గుమ్మంలో వదిలేసి వచ్చాం. పాపం, ఏడు రోజులుగా అక్కడే నిలబడి ఉన్నాడు. లోపలినుంచి మిల్లు యజమాని కేదార్‌మల్ సేఠ్ రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. బల్లకి ఇవతల, తన గదినుంచి తెచ్చిపెట్టుకున్న కంప్యూటరు ముందు ఆఫీసు కుర్రవాడు పరదేశి కూర్చున్నాడు. తన మీద సేఠ్‌కి ఆకాశరామన్న ఉత్తరం రాసినవాడెవడో పది నిమిషాల్లో కనిపెట్టి చూపిస్తానని పొద్దున్నే ఆఫీసులో అందరి ముందూ అనేశాడు. ఆ ఉత్తరం రాసింది గురునాథమే. ఆ సంగతి మనకి తెలుసు, గురునాథానికి తెలుసు. మూడో మనిషికి తెలియదనే ఆయన ధైర్యం.

ఉత్తరమంటే కాగితం మీద రాసింది కాదు, ఈ-మెయిలు. 'మీ రోలింగ్ మిల్లు రేట్లు పోటీవాళ్ళకి ముందే చేరుతున్నాయి. మీ కంప్యూటరు కుర్రవాణ్ణి ఒక కంట కనిపెట్టండి' అని నాలుగు ముక్కలు. అందులో నిజం వీసమెత్తు లేదు. రాస్తున్నప్పుడు ఆ సంగతీ గురునాథానికి తెలుసు. తెలిసే రాశాడు.

ఇంతకీ ఆ కుర్రవాడు ఆయనకి చేసిన ద్రోహం ఏమిటంటారా? ఏమీ లేదు. ఉన్నాడు, అంతే.

గురునాథం ఏలూరునుంచి ఉద్యోగం వెతుక్కుంటూ రాయపూర్ వచ్చి ముప్ఫై ఏళ్ళు కావస్తోంది. అందులో ఇరవై రెండేళ్ళు ఈ మిల్లు టెలెక్స్ ఆపరేటర్‌గా వెలిగాడు. వెలిగాడు అనే అనాలి. పండరీ రోడ్డులో ఉన్న ఈ ఆఫీసు మొత్తానికి కూలరున్న గది సేఠ్‌ది కాక అదొక్కటే. కలకత్తాలో ఇనుము ధర మారితే రాయపూర్‌లో మొదట తెలిసేది ఆయనకి. మిషను టకటకలాడుతుంటే గుమాస్తాలు అద్దాల తలుపు అవతల నిలబడి ఆయన మొహంలోకి చూసేవారు. ఆయన తొందరపడేవాడు కాదు. కాగితం చింపి, మడత పెట్టి, చెప్పులు తొడుక్కుని, సేఠ్ దగ్గరికి నడిచి వెళ్ళేవాడు. సేఠ్ భోజనం చేస్తున్నా సరే చెయ్యి ఆపి 'గురూజీ ఆయే' అనేవాడు. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

రెండేళ్ళ కిందట టెలెక్స్ పీకేశారు. కూలరు గదిలోకి కంప్యూటరు వచ్చింది, దాంతోపాటు పరదేశి వచ్చాడు. రైల్వే కాలనీలో ఫిట్టరు చిన్నారావు కొడుకు. వాళ్ళ పెద్దలది పలాస దగ్గర పల్లెటూరు. మనిషి మెత్తన, నవ్వు మొహం, ఇరవై ఆరేళ్ళు. గురునాథాన్ని తీసేయలేదు లెండి. సేఠ్ మంచివాడు, నడవలో ఫాక్స్ మిషను పక్కన కుర్చీ వేయించాడు. కొరియర్ కవర్లు కట్టించే పని ఇచ్చాడు. 'గురూజీ' పోలేదు, కాని ఇంజనీరింగు చదవని పరదేశికి 'ఇంజనీర్ సాబ్' అని కొత్త పిలుపు పుట్టింది. సాయంత్రం సమోసాల పళ్ళెం మొదట అటు వెళ్ళి, తర్వాత ఇటు వచ్చేది. చూడ్డానికి చిన్న విషయం. ఇరవై రెండేళ్ళు మొదటి సమోసా తిన్నవాణ్ణి అడగండి చిన్నదో పెద్దదో.

ఇంట్లోనైనా ఊరట ఉందా అంటే అదీ లేదు. మోవాలో వాళ్ళ ఇంటికి ఒక ఆదివారం వచ్చి పరదేశి మిక్సీ బాగుచేసి పెట్టాడు. భార్య ఆండాళమ్మ నెల్లాళ్ళపాటు చట్నీ రుబ్బినప్పుడల్లా వాణ్ణి తలుచుకుంది. కూతురు ఊర్మిళ తెలీబంధాలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెబుతుంది. ఏదైనా చిక్కొస్తే 'పరదేశిని అడుగుతాను' అనేది. తండ్రి ఎదురుగా కూర్చుని ఉండగానే.

ఇవన్నీ మింగాడు గురునాథం. మింగుడు పడనిది ఒక్కటే. పరదేశి వచ్చిన కొత్తలో ఆయన్ని నోరారా బాబాయ్ అనేవాడు. 'టీ తాగీసేరా బాబాయ్' అనేవాడు, 'నేను పట్టికెళ్తాను బాబాయ్, మీరు కూకోండి' అనేవాడు. పోయిన దీపావళి దాటాక ఉన్నట్టుండి ఆ పిలుపు మానేశాడు. మాస్టారూ అనడం మొదలుపెట్టాడు. పరాయివాళ్ళని పిలిచినట్టు. నెత్తికెక్కింది వీడికి, అనుకున్నాడు గురునాథం. సేఠ్ దగ్గర కుర్చీ దొరికేసరికి బాబాయ్ చేదైపోయాడు. ఆ మాట మూడు నెలలు ఆయన కడుపులో పులిసింది. పులిసి పులిసి ఒక మంగళవారం నాలుగింటికి ఈ-మెయిలుగా బయటపడింది.

అది కూడా ఆయన కావాలని వెళ్ళి చేసింది కాదు. ఇంటి తాళంచెవి ఇద్దామని ఊర్మిళ సెంటర్‌కి వెళ్ళాడు. ఆమె బయటికెళ్ళిందని, వచ్చేదాకా కూర్చోమని, మేడమ్ గారి తండ్రి కదా అని చప్రాసీ ఆమె కుర్చీలోనే కూర్చోబెట్టాడు. ఎదురుగా మిషను వెలుగుతోంది. ఎలా పంపాలో ఊర్మిళే ఆదివారాలు కూర్చోబెట్టి నేర్పింది, నాన్న వెనకబడిపోకూడదని. లేని పేరొకటి పుట్టించి, రాసి, పంపేశాడు.

పట్టుబడతానన్న భయం ఆయనకి ఏ కోశానా లేదు. ఎందుకు లేదో చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు టెలెక్స్ మనిషి తప్ప ఇంకెవరూ చేయరు. టెలెక్స్‌లో 'ఎవరు నువ్వు' అని అడిగే మీట ఒకటి ఉంటుంది. అది నొక్కితే అవతలి మిషను ఆపరేటరు ప్రమేయం లేకుండా తన నంబరూ పేరూ తనే కొట్టి పంపుతుంది. అబద్ధమాడ్డం దానికి చేతకాదు. కాని లైను కలిసి ఉన్నంతసేపే ఆ అడగడం. లైను తెగిందా, ఎవరు ఎంత నొక్కినా జవాబు రాదు. గురునాథం ఈ కొత్త మిషను కూడా అంతేననుకున్నాడు. అందుకని మెయిలు పంపగానే గబగబా అన్నీ మూసి, మిషను ఆపేసి, పదంకెలు లెక్కపెట్టి మరీ లేచాడు. ఇంక ఎవడడిగినా చెప్పే దిక్కు లేదని నిశ్చింతగా ఇంటికెళ్ళి కాఫీ తాగాడు.

సరే, గదిలోకి వెళ్దాం.

సేఠ్ గురునాథాన్ని పరదేశి వెనకాల నిలబడమన్నాడు. తనకి ఈ తెర మీది రాతలు తెలియవు కనక పాతకాలపు నమ్మకస్తుడు ఒకడు పక్కనుండి చూడాలన్నాడు. నమ్మకస్తుడు వెళ్ళి నిలబడ్డాడు. తెర వీళ్ళిద్దరివైపు ఉంది. సేఠ్‌కి దాని వీపు మాత్రమే కనిపిస్తోంది.

పరదేశి ఆ మెయిలు తెరిచి సేఠ్‌కి హిందీలో విడమర్చి చెబుతున్నాడు. ప్రతి మెయిలు నెత్తిమీదా అది బయల్దేరిన చోటు నంబరు రాసి ఉంటుందట. మామూలుగా చదివేవాళ్ళకి కనపడదు, పై మూత తీసి చూస్తే కనిపిస్తుంది. నాలుగు ముక్కల నంబరు, ముక్కకీ ముక్కకీ మధ్య చుక్క. పేరు చెప్పి నంబరు కనుక్కోవడం రోజూ జరిగేదే. నంబరు చెప్పి పేరు కనుక్కోవాలంటే మాత్రం ఆ నాలుగు ముక్కల్నీ వెనకనుంచి ముందుకి తిప్పి అడగాలి. ఆ నంబరు సొంతదారు అక్కడ ఏ పేరు రాసి పెట్టుకున్నాడో అది వచ్చి నిలబడుతుంది. పంపి ఎన్నాళ్ళయినా ఫరవాలేదు.

ఎన్నాళ్ళయినా అన్న మాట దగ్గర, ఆ రోజు మిషను ఆపి లెక్కపెట్టిన పదంకెలూ గురునాథానికి గుర్తొచ్చాయి.

కాని నిజం చెప్పుకోవాలి. ఆ క్షణంలో కూడా భయం కన్నా ముందు ఆయనకి కలిగింది అసూయే. నంబరుకి పేరు అడగడం! ఇది నా మీట. నా విద్య. ఇరవై రెండేళ్ళు నా వేలి కింద ఉన్నదాన్ని వీడు ఏదో కొత్తగా కనిపెట్టినట్టు చెబుతుంటే సేఠ్ నోరు తెరుచుకుని వింటున్నాడు. అదే పని నేను చేసినన్నాళ్ళూ ఒక్కసారైనా ఇలా విన్నాడా? దొరికిపోబోతున్న మనిషి ఇలాంటివి ఆలోచిస్తాడా అంటే, ఆలోచిస్తాడు. మనసుకి వరసా వావీ ఉండవు.

పరదేశి మీటలు నొక్కాడు. నల్లటి తెర మీద చిన్న గీత ఆగి ఆగి మినుకుతోంది. సేఠ్ బల్లమీదికి వంగాడు. ఒక వరస వచ్చింది, దాని కింద ఇంకో వరస వచ్చింది. ఆ రెండో వరసలో పేరుంది.

ఖారూన్ కంప్యూసెంటర్ డాట్ కామ్.

ఊర్మిళ పనిచేసే చోటు. ఈ పేరు వాళ్ళకి సొంతంగా వచ్చిన రోజున ఆమె ఇంటికి పేడా మిఠాయి తెచ్చింది. మా సెంటరుకి నెట్‌లో పేరొచ్చింది నాన్నా, సొంత లైను, సొంత పేరు అని నోట్లో పెట్టింది. ఆ పేడా రెండు తిన్నాడు గురునాథం.

ఆయన పరదేశి మెడవైపు చూశాడు. ఆ మెడ ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. నామ్ ఆయా క్యా, పేరు వచ్చిందా అని సేఠ్ అడిగాడు. పరదేశి ఒక్క మీటతో తెర మీది వరసలన్నీ తుడిచేశాడు. లైను సరిగా లేదని, బయట తీగ చూసి వస్తానని, సాయానికి మాస్టారు కూడా రావాలని చెప్పి లేచాడు. కుర్చీ తగిలి తూలాడు.

వరండాలోకి వచ్చారు. కింద పండరీ బజారు హోరుమంటోంది. బట్టల మూటలేసుకున్న బళ్ళు, దారి ఇమ్మని కేకలు. పరదేశి పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు.

"చూసేరా మాస్టారూ?"

చూశానన్నట్టు తలూపాడు గురునాథం. ఇంకేముంది, అడుగుతాడు, నువ్వే కదా అంటాడు, అనుకుని గుండె రాయి చేసుకున్నాడు. ఆయన వేసుకున్న లెక్కలో తప్పు ఏమిటంటే, ఎదటివాడు తనలాగే ఆలోచిస్తాడనుకోవడం.

"ఊర్మిళ గారు నా మీద ఎందుకిలాగ రాసేరు?" అన్నాడు పరదేశి.

ఆ కోణం ఆయనకి తట్టనే లేదు. తెర మీద పేరు చూసిన దగ్గర్నుంచీ దాని వెనక తన మొహమే కనిపిస్తోంది. వీడికి ఊర్మిళ మొహం కనిపించిందన్నమాట. పరదేశే చెప్పుకుపోయాడు. ఆ పేరు వీధి గుమ్మం మీద పేరు మాత్రమేనట. లోపల ఏ కుర్చీలో ఎవరు కూర్చుని రాశారో అది చెప్పదు. కాని ఆ గుమ్మం లోపల ఈ మిల్లునీ తననీ ఎరిగినవాళ్ళు ఆమె ఒక్కతే కదా అన్నాడు.

నేనే రాశాను అని చెప్పడానికి అప్పుడు చాలా వ్యవధి ఉంది. ఒక మూటలబండి మలుపు తిరిగేంత వ్యవధి. గురునాథం ఆ బండిని చూస్తూ నిలబడ్డాడు.

"మీకు చెప్పకూడదనుకున్నాను. ఇంక దాచి ఏటి లాభం?" పరదేశి గొంతు తగ్గించాడు. "దీపావళికి ఆవిడ్ని అడిగీసేను మాస్టారూ, నన్ను చేసుకుంటారా అని. ముందు మా నాన్ననడగండి అన్నారు. నాకు ధైర్యం చాల్లేదు. మిమ్మల్ని బాబాయ్ అని పిలడం అందుకే మానీసేను. బాబాయ్ అని పిలుస్తా, మీ అమ్మాయినివ్వండని ఎలాగడుగుతాను? వరస కుదరదు కదా. ఆ పిలుపు పోయి కొన్నాళ్ళయితే అడగొచ్చనుకున్నాను."

గురునాథం పిట్టగోడ మీద చెయ్యి వేశాడు. మూడు నెలలు పులిసిన విషం అది. వీడు తనకి దూరం జరగడానికి కాదు, దగ్గరవడానికి ఆ పిలుపు మానేశాడు. సిగ్గుతో చచ్చిపోవలసిన చోటు. సిగ్గు వేసింది కూడా, కాదనను. కాని సిగ్గు వెనకే ఇంకొకటి ఎగదన్నుకుంటూ వచ్చింది. దీపావళినుంచీ వీళ్ళిద్దరి మధ్యా ఈ మాట నడుస్తోంది. ఊర్మిళకి తెలుసు. తనకి తెలియదు. కలకత్తాలో ఇనుము కదిలితే ముందుగా తెలిసిన మనిషికి తన ఇంట్లో సంగతి అందరికన్నా ఆఖరున తెలుస్తోంది. ఆఫీసులో కుర్చీ తీసుకున్నాడు, ఇప్పుడు ఇంట్లో కూడా నా చోటు వీడికే ఇచ్చేశారు అనుకున్నాడు.

"ఆవిడకి ఇష్టం లేపోతే మొహమ్మీద చెప్పీవచ్చు. నేను ఏటీ అనుకోను. ఇంత దూరం రానక్కర్లేదు," అన్నాడు పరదేశి. కళ్ళు తుడుచుకోలేదు గాని తుడుచుకోవలసినట్టే ఉన్నాయి. "పేరు రాలేదని సేఠ్‌కి చెప్పీస్తాను. సాయంత్రం ఉద్యోగం మానీస్తాను. ఆవిడ పేరు బయటికి రాకూడదు. మీరు కూడా ఇంటికెళ్ళి ఆవిడ్ని ఒక్క మాట అనకండి."

గురునాథం కోరుకున్నదంతా పళ్ళెంలో పెట్టి ఎదటికి వచ్చింది. వాడు పోతాడు. ఎవరూ పొమ్మనక్కర్లేకుండా వాడంతట వాడే పోతాడు. ఇల్లూ ఆఫీసూ రెండూ ఖాళీ అవుతాయి. దానికి ఈయన చేయవలసిందల్లా నోరు మూసుకోవడం. బదులుగా పోయేది కూతురి మంచితనం, అదీ ఒక్కడి మనసులో, ఆ ఒక్కడూ ఎవరితోనూ చెప్పడు.

"సరే," అన్నాడు గురునాథం.

ఆ మాట విన్న మీరు ఈ మనిషిని తిట్టుకోవచ్చు. నేను అడ్డం రాను.

మళ్ళీ గదిలోకి వెళ్ళారు. నంబరుకి పేరు దొరకలేదని, కొన్ని నంబర్లకి ఎవరూ పేరు రాసుకోరని పరదేశి తలొంచుకుని చెప్పాడు. సేఠ్ విన్నాడు. కంప్యూటరు తెలియకపోవచ్చు గాని, ముప్ఫై ఏళ్ళు తుక్కు కొన్న మనిషి. రాడ్డు పైన రంగు చూసి లోపల తుప్పు ఎంతో చెప్పగలడు. పొద్దున్న పది నిమిషాలన్నావు, అన్నాడు. తెర మీద ఏదో వచ్చినప్పుడు నీ మొహం మారడం చూశాను. బయటికెళ్ళి వచ్చి పేరు లేదంటున్నావు. అంటే వచ్చిన పేరు నువ్వు దాచాలనుకునే పేరు. నిన్ను పట్టిచ్చే పేరు. నీ దగ్గర మన రేట్లు కొనేవాడే ఎక్కడో నీతో చెడి ఇది రాసి ఉంటాడు. ఉత్తరంలో ఉన్నది నిజమే అయి ఉండాలి.

పరదేశి కాదనలేదు. కాదంటే పేరు చెప్పాలి.

సేఠ్ ఆఫీసు తాళాలు బల్లమీద పెట్టమన్నాడు. భిలాయ్‌నుంచి ఇంకో కంప్యూటరు మనిషిని పిలిపిస్తానని, అతను వచ్చి పేరు తీసేదాకా ఈ గది దాటడానికి వీల్లేదని, తీశాక తిన్నగా పోలీస్ ఠాణాకేనని చెప్పాడు. అరవలేదు. ఆయన అరవకపోతేనే ఆఫీసులో అందరికీ భయం. పరదేశి జేబులోంచి తాళాల గుత్తి తీసి పెట్టాడు. గురునాథం వైపు చూడను కూడా లేదు. చూస్తే ఎక్కడ ఆయన మొహమాటపడి కూతురి పేరు చెప్పేస్తాడోనని కాబోలు.

అప్పుడు గురునాథం సంతోషించాలి. ఇది చూడాలనే కదా రాసింది. సంతోషం రాలేదు సరికదా, లోపల ఏదో భగ్గుమంది. నా కూతురి కోసం వీడు ఠాణాకి వెళ్తాడట. నా కూతురు తనకి అన్యాయం చేసిందని నమ్ముతూ కూడా నోరు విప్పడట. తండ్రిని నేను. నేను దాన్ని వరండాలో 'సరే' అనే ఒక్క మాటకి అమ్మేశాను. వీడు కాపాడుతున్నాడు. ఇందులో కూడా నాకన్నా ముందు వీడే ఉన్నాడు!

ఆయన్ని కదిలించింది పశ్చాత్తాపమని రాస్తే కథకి బాగానే ఉంటుంది. కాని అది కాదు. ఓర్వలేకపోయాడు. వాడి చెడుని చూడడానికి తయారై వచ్చినవాడు వాడి మంచిని ఓర్చుకోలేకపోయాడు.

"పేరు వచ్చింది సేఠ్‌జీ," అన్నాడు.

పరదేశి దిగ్గున తలెత్తి వద్దన్నట్టు చూశాడు. గురునాథం ఆగలేదు. తెర మీద తుడిచేసినా ఫరవాలేదు, ఒక్కసారి చూసిన పేరు మర్చిపోవడం ఆయన అలవాటులో లేదు. ఒక్కో అక్షరం విడివిడిగా, పూర్వం ఫోన్లో కలకత్తాకి చెప్పినట్టు, పేరంతా చదివి వినిపించాడు.

అది ఎవరి కొట్టు అని అడిగాడు సేఠ్. తెలీబంధాలో కంప్యూటర్ నేర్పే చోటు, మా అమ్మాయి అక్కడే పనిచేస్తుంది అన్నాడు గురునాథం. దాని తర్వాతి వాక్యం ఆయన నాలుక మీదే ఉంది. 'కాని రాసింది నేను' అన్నది. మూడే మాటలు. టెలెక్స్‌లో అయితే ఒక్క క్షణం పని. ఆయన ఇంకా ఊపిరి తీసుకుంటూనే ఉన్నాడు, సేఠ్ ఫోను ఆయన ముందుకి తోశాడు. అమ్మాయికి ఫోన్ చెయ్యమన్నాడు. అందరూ వినేలా పెట్టమన్నాడు.

గురునాథం నంబరు నొక్కాడు. చప్రాసీ ఎత్తాడు. కాసేపటికి ఊర్మిళ గొంతు గదంతా వినిపించింది. పరదేశి కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు.

సేఠ్ మర్యాదగానే మాట్లాడాడు. బేటీ అంటూ మొదలుపెట్టాడు. మంగళవారం సాయంత్రం నాలుగింటికి మీ సెంటర్‌నుంచి నాకు ఒక మెయిలు వచ్చింది, మా పరదేశి దొంగ అని అందులో ఉంది, ఆ టైములో మీ దగ్గర కూర్చుని రాసిందెవరో నాకు చెప్పు అన్నాడు. నిజం చెప్పకపోతే ఇక్కడ ఒకడి జీవితం పాడవుతుందని కూడా అన్నాడు.

అవతల ఎవరో పిల్లలు మీటలు నొక్కుతున్న శబ్దం దూరంగా వినిపిస్తోంది. లైను ఉందా లేదా అని సేఠ్ ఫోన్‌వైపు చూశాడు. అప్పుడు ఊర్మిళ మాట్లాడింది. హిందీలో కాదు, తెలుగులో.

"నాన్నా, నువ్వక్కడే ఉన్నావు కదూ? మంగళవారం నా కుర్చీలో చాలాసేపు కూర్చుని ఏదో రాసుకుని వెళ్ళావని చప్రాసీ చెప్పాడు. తాళంచెవి ఇవ్వడానికే వచ్చావనుకున్నాను. పరదేశి మీద రాశావా నాన్నా? ఈయనకి నేనేం చెప్పను?"

గదిలో తెలుగు తెలిసినవాళ్ళు ఇద్దరు. ఒకడు తండ్రి. ఇంకొకడు కిటికీ దగ్గరినుంచి నెమ్మదిగా ఇటు తిరిగాడు.

పరదేశి గురునాథాన్ని చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే ఆయన తట్టుకునేవాడు. కోపం ఇంకా రాలేదు. అందులో ముందుగా వచ్చింది ఊరట. ఊర్మిళ రాయలేదన్న ఊరట. అది మొహమంతా పరుచుకుంటుంటే గురునాథం చూడవలసి వచ్చింది. ఆ తర్వాత మెల్లిగా, రాసిందెవరో కూడా ఆ కళ్ళకి అర్థమైంది.

క్యా బోలీ, ఏమంటోంది అని అడిగాడు సేఠ్. ముప్ఫై ఏళ్ళుగా తెలుగువాళ్ళకి జీతాలిస్తున్నా ఆయనకి వచ్చిన తెలుగు రండి, కూర్చోండి దగ్గర ఆగిపోయింది. గురునాథాన్ని అడిగాడు. గురునాథం ఫోన్‌నే చూస్తున్నాడు. దాంతో సేఠ్ విసుగ్గా పరదేశి వైపు తిరిగి, నువ్వు చెప్పు అన్నాడు.

పరదేశి ఒక అడుగు ముందుకి వేశాడు. గురునాథం వాడి కళ్ళలోకే చూస్తున్నాడు. వాడు ఏదో కూర్చుకుంటున్నాడు. నిజాన్ని కూర్చుకోనక్కర్లేదు, అది తయారుగానే ఉంది. అంటే వీడు అబద్ధం అల్లుతున్నాడు. పది నిమిషాల కిందట కూతురి కోసం అల్లాడు. ఇప్పుడు తండ్రి కోసం అల్లబోతున్నాడు. తను ఎవరి గొంతు కొయ్యాలని చూశాడో వాడే తన పరువు నిలబెట్టబోతున్నాడు. రేపటినుంచి రోజూ వాడి మొహం చూస్తూ, వాడి దయ మీద బతకాలి.

పరదేశి హిందీలో మొదలుపెట్టాడు, "సేఠ్‌జీ, వో కహ్ రహీ హై..." ఆమె చెప్పేదేమిటంటే, అని.

గురునాథం చెయ్యెత్తి ఆపాడు.

"అతన్ని అడక్కండి సేఠ్‌జీ," అన్నాడు హిందీలోనే. "మా అమ్మాయి అడిగింది నన్ను. నేను చెప్పాలి."

ఫోన్ మీదికి వంగాడు. అవతల ఊర్మిళ ఊపిరి వినిపిస్తోంది. ఇవతల పరదేశి కదలకుండా నిలబడ్డాడు. సేఠ్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. నిజం తెలుగులో చెబితే కూతురు వింటుంది, పరదేశి వింటాడు, సేఠ్‌కి మాత్రం ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు, వీళ్ళిద్దరూ తనని పట్టివ్వరు. హిందీలో చెబితే ముగ్గురూ వింటారు, ఆ తర్వాత ఈ ఆఫీసులో ఆయనకి నడవలో కుర్చీ కూడా మిగలదు.

గురునాథం నోరు తెరిచాడు. ఏ భాషలో మొదలుపెట్టాలో ఆయనకి ఇంకా తెలియలేదు.